నల్లి కాడ రాళ్ళ వరస

మా వీధి బాగేపల్లి అంచున కొత్తగా పెరిగిన పేటలో ఉంది. హైవే దిగి, టమాటా లారీలు ఆగే చోటు దాటి, గుట్ట వైపు నడిచి వస్తే రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడ నా ఇల్లు. నా తర్వాత ఇల్లు లేదు. రాళ్ళ గుట్ట, కంపచెట్లు, గాలి. అంతే.

చివరి వీధిలో చివరి ఇల్లంటే ఏమిటో నీళ్ళు మోసిన ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. పైపులో నీళ్ళు వదిలితే మొదటి వీధివాళ్ళు తొట్లు నింపుకుంటారు. నడిమి వీధులవాళ్ళు బిందెలు నింపుకుంటారు. చివరి వీధివాళ్ళు గాలి చప్పుడు వింటారు. ఆ బుసబుస నేను సగం బతుకు విన్నాను.

నా పేరు అంజనమ్మ. చాకవేలు పక్కన మాకు భూమి ఉండేది. మా ఆయన చెన్నరాయప్ప బోరు వేయించిన ప్రతిచోటా భూమి తెల్లదుమ్మే కక్కింది. భూమి పోయింది, దాని వెనకే ఆయనా పోయాడు. పిల్లలు లేరు. ఈ ఊరికి వచ్చి, శనక్కాయల మిల్లులో కాయలు వలిచి, ఈ రెండు గదులు కట్టుకున్నాను. ఎవరి ముందూ చేయి చాపలేదు. నోరు మాత్రం చాలామంది ముందు తెరిచాను. ఖాళీ బిందె నెత్తిన పెట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. చిక్కబళ్ళాపురం దాకా పోయి రోడ్డుకు అడ్డంగా పడుకున్నాను. గయ్యాళి అన్నారు. అననీ. ఆ గయ్యాళితనం లేకపోతే మా వీధికి ఆ ఒక్క నల్లి కూడా వచ్చేది కాదు.

వీధి కొళాయిని మేము నల్లి అంటాం. వీధి మొత్తానికీ అదొక్కటే. నీళ్ళు ఎప్పుడొస్తాయో వదిలేవాడికే తెలియదు, ఇక మాకేం తెలుస్తుంది? బిందెలు వరసలో పెట్టిపోతే మాయమవుతాయి. అందుకని ఇంటికొక రాయి పెట్టుకున్నాం. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే. ఒకరి రాయిని ఇంకొకరు జరపకూడదు. బిందె నిండినవాళ్ళు తమ రాయిని తామే తీసి నల్లికి అవతలి పక్కన పెట్టాలి. వరస మధ్యలో ఎవరైనా తన రాయి తీసుకుపోతే వెనకున్నవాళ్ళు ముందుకు జరుగుతారు. పోయిన మనిషి మళ్ళీ రావాలంటే ఆ వెనకున్న మనిషి ఒప్పుకోవాలి. ఇవేవీ ఎవరూ రాసిపెట్టలేదు. నీళ్ళకోసం జుట్లు పట్టుకున్న ఆడవాళ్ళం కుదుర్చుకున్న కట్టుబాటు అది.

ఇంకొకటి కూడా ఉంది. నిండు బిందెను ఒంటిగా నెత్తికెత్తుకోలేం. వెనకున్న మనిషి చెయ్యి వేసి ఎత్తాలి. ఎత్తించుకున్న మనిషి వెంటనే వెళ్ళిపోదు. ఎత్తినామె బిందె కూడా నిండేదాకా నిలబడుతుంది. నింపుకున్నాక ఇద్దరూ కలిసి పోతారు. ఎంత కొట్లాడుకున్నా అంతే.

నా ముందు రాయి కౌసల్యమ్మది. ఆమె పట్టాభిరామ శెట్టి భార్య, మలుపులో కిరాణా అంగడి వాళ్ళది. ఆమె దగ్గర ఎప్పుడూ అంగడి వాసన. ఇంగువ, ఎండుమిరపకాయలు, కొత్త గోనెసంచి. వీధిలో అందరివీ ప్లాస్టిక్ బిందెలైతే ఆమెది రాగిది, పొట్ట దగ్గర చిన్న సొట్ట. నల్లి కింద పెట్టేముందు ఉంగరంతో రెండుసార్లు దాని మీద కొట్టేది, టంగు టంగుమని.

"ఎందుకమ్మా దాన్ని కొడతావు, ఏం పాపం చేసింది?" అంటే,

"లేపుతాండా అంజనమ్మా. నిద్రపోతాండే బిందెలో నీళ్ళు నిలవవు" అనేది.

కులం వేరు, ఇల్లు వేరు. నల్లి దగ్గర తప్ప మేము కలుసుకున్నదీ తక్కువే. కానీ మా ఆయన పోయాక నాతో రోజూ ఒక మాట మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

ఒక ఎండాకాలం, తెల్లారకముందే వచ్చి నిలబడ్డాం. పొద్దెక్కింది. నీళ్ళు వచ్చేసరికి ఎండ మాడు మీద ఉంది. దర్జీ ఇంటి అవ్వ పట్టుకుంది, కౌసల్యమ్మ ఎత్తింది. తర్వాత కౌసల్యమ్మ తన బిందె పెట్టింది. రెండుసార్లు కొట్టింది. బిందె నిండింది. నేను ఎత్తడానికి వంగాను. ఆమె కూడా వంగింది. అలాగే ఒరిగిపోయింది. నా చేతుల్లోనే. ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది.

ఆ బిందె ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం దాకా నల్లి కింద నిండుగా అలాగే ఉందట. శెట్టి అంగడి మూసేసి చింతామణిలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు. అదే సంవత్సరం దర్జీ ఇంటి అవ్వ కూడా పోయింది. రాళ్ళు మాత్రం వరసలోనే ఉండిపోయాయి. పోయినవాళ్ళ రాయిని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

*

ఈ సంవత్సరం మా పేటకు యోగం పట్టింది. భూమిలోపల మురికినీళ్ళ పైపులు, వాటిని యూజీడీ అంటున్నారు. వాటికి పక్కనే కొత్త నీలంరంగు నీళ్ళ పైపులు. ఇంటింటికీ నల్లి, ఇరవైనాలుగు గంటలూ నీళ్ళు అని బోర్డు పెట్టారు. వీధి నడుమ గుండెలోతు గుంత తవ్వి పారేశారు. వానొస్తే గుంత నిండా బురద. ఇంటినుంచి బయటికి రావాలంటే చెక్కపలక మీద సర్కస్ చేయాలి. నేను నోరు పెట్టుకుని అరిచాను గానీ లోపల సంతోషమే. ఇన్నాళ్ళ కొట్లాటకు ఏదో ఒకటి కంటికి కనబడింది.

ఒకరోజు జేసీబీ వచ్చి వీధి నల్లిని పెకలించింది. దాని కింది సిమెంటు గద్దెను పగలగొట్టింది. ఆ గద్దె పక్కన మిగిలి ఉన్న రాళ్ళను కూడా మట్టితో కలిపి గుంతలోకి తోయబోతుంటే నేను అడ్డంపోయి నిలబడ్డాను.

"ఏనమ్మా ఇది, జరగమ్మా" అన్నాడు సూపర్‌వైజరు మోహన్‌కుమార్. మనిషి మంచివాడే, ఎప్పుడూ ఫోను చెవిలో ఉంటుంది.

"ఆ రాళ్ళు తీసుకున్నాకే."

"రాళ్ళా? గుట్ట నిండా రాళ్ళే కదమ్మా. ఏ రాయి కావాల్నో చెప్పు, లోడు తెప్పిస్తా."

"నీ లోడు నువ్వే ఉంచుకో నాయనా. ఇవి మా వంతులు."

పైపులు అతికే నాగేశ్ నవ్వి, "ఇంటికే నల్లి వస్తాంటే ఇంకా వంతేందమ్మా?" అన్నాడు.

నిజమే. ఏమీ లేదు. అయినా ఆ రాళ్ళను మురికి పైపుల కింద పూడ్చడానికి నాకు మనసొప్పలేదు. కొంగులో వేసుకుని ఒక్కొక్కటే ఇంటికి తెచ్చాను. మిగిలినవి నాలుగే. దర్జీ ఇంటి అవ్వది విరిగిన తిరగలి ముక్క. కౌసల్యమ్మది నున్నటి నల్లరాయి, అంగడి గడప దగ్గర తలుపుకు అడ్డం పెట్టేది. నాది మా చేని గట్టు రాయిలో ఒక పెచ్చు. భూమి అమ్మినరోజు కొట్టి తెచ్చుకున్నాను. నాలుగోది పక్కింటి హేమావతిది. సగం ఇటుక, దానిమీద గోళ్ళరంగుతో పువ్వు. ఆ పిల్ల కొత్తకోడలుగా వచ్చి వరసలో నా వెనక నిలబడింది. ఇప్పుడు చంకలో బిడ్డ.

నా పెరట్లో, గోడ పక్కన కొత్త నల్లి బిగించి పోయారు. ఇంకా నీళ్ళు వదలలేదు. తెచ్చిన రాళ్ళను ఎక్కడ పెట్టాలి? నల్లి ముందర చిన్న సిమెంటు చప్టా ఉంది. అక్కడ పెట్టాను. ముందు తిరగలి ముక్క, తర్వాత నల్లరాయి, తర్వాత నాది, తర్వాత ఇటుక. ఆలోచించి చేసింది కాదు. చేతులకు అలవాటైన వరస అది.

గోడమీదినుంచి హేమావతి చూసి పకపకా నవ్వింది. "మళ్ళీ క్యూ పెట్టేసినావా అంజనమ్మా? ఈసారైనా నన్ను ముందు నిలబెట్టరాదా?"

"నోరు ముయ్యే. నీ వంతు నా తర్వాతే" అన్నాను.

*

ఆరోజు పొద్దుగూకే వేళకు సన్నటి తుంపర పట్టుకుంది. కరెంటు పోయింది. నేను పెరటి తలుపు గడియ వేసి, దీపం వెలిగించి వంటింటి గడప మీద కూర్చున్నాను. తవ్విన మట్టి వాసన, పాత మోరీలోంచి ఊరివచ్చిన కుళ్ళు వాసన. హేమావతి ఇంట్లో బిడ్డ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. హైవే మీద లారీలు కూడా ఆరోజు తక్కువే. గుట్ట వైపునుంచి గాలి వస్తే దీపం పడుకుని లేస్తోంది.

ఇలాంటి వేళ నాకు అలవాటే. మాట్లాడటానికి మనిషి ఉండడు. రేడియో ఉంది, పాడైంది. వండిన అన్నం వైపు చూస్తే తినబుద్ధి కాదు. కూర్చుంటాను. అంతే.

పెరట్లో గాలి చప్పుడు వినబడింది.

బుస్... బుస్... నల్లిలోంచి. నీళ్ళు రాబోయేముందు వచ్చే గాలి.

"అబ్బా, వదిలినారు!" అనుకున్నాను. గుండె ఎగిరింది. ఇన్నేళ్ళకు నా పెరట్లో, నా నల్లిలో! బిందె తీసుకోవడానికి లేచాను. ఇంతలో నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది.

సిమెంటు మీద పడుతున్న చప్పుడు కాదు అది.

బిందెలో పడుతున్న చప్పుడు.

అడుగున ఖాళీగా మోగుతూ, మెల్లగా సన్నబడుతూ, పైపైకి వస్తున్న చప్పుడు. చెవిటిదానికి కూడా తెలుస్తుంది అది. బిందె ఎంత నిండిందో చూడకుండానే చెప్పగలం మేము. అడుగు... నడుము... మెడ... నిండింది. ఆగింది.

నేను చేతిలో నా బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను. పెరట్లో బిందె పెట్టింది ఎవరు?

హేమావతి గోడ దూకిందేమో అనుకున్నాను. దూకే పిల్లే. పిలవబోయాను. అప్పుడు వినబడింది, ఇద్దరు మనుషులు బరువెత్తేటప్పుడు వచ్చే మూలుగు. "ఊఁ... పట్టు..." తర్వాత గాజులు. తర్వాత సిమెంటు మీద రాయి జరిగిన చప్పుడు. గర్రుమని.

కాసేపు ఏమీ లేదు. తుంపర.

తర్వాత...

టంగు. టంగు.

నా చేతిలో బిందె జారింది. అది దొర్లుతూ పోయి గోడకు తగిలిన చప్పుడు కూడా నాకు దూరంగా వినబడింది. తలుపు సందులోంచి వాసన వచ్చింది. మట్టి వాసన కాదు, మోరీ వాసన కాదు. ఇంగువ. ఎండుమిరపకాయలు. కొత్త గోనెసంచి.

మళ్ళీ నీళ్ళు. ఈసారి రాగిలో. ప్లాస్టిక్ బిందె మొద్దుగా మోగుతుంది. రాగి అలా కాదు, పాడినట్టు మోగుతుంది. అడుగు... నడుము... మెడ...

నిండింది.

"అంజనమ్మా."

గుసగుస. తలుపుకు అవతల.

"ఎత్తుదువు రా, అంజనమ్మా."

తలుపు గడియ మీద చెయ్యి పెట్టి, అది పడి ఉందో లేదో తడిమాను. పడే ఉంది.

"అవ్వది నేనెత్తినా. నాది ఎవరెత్తల్ల?"

నేను ఎవరికీ భయపడిన మనిషిని కాదు. లాఠీలకు భయపడలేదు. ఆ రోజు గడప మీద మోకాళ్ళు ముడుచుకుని చెవులు మూసుకున్నాను. అయినా వినబడింది. మెత్తగా, ఎప్పటి గొంతే, ఎండలో నిలబడి అలసిపోయిన గొంతు.

"ఎత్తినాక నీది పట్టుకో. నేనుంటాలే. కలిసే పోదాము."

*

తెల్లారింది. వాన వెలిసింది. పెరటి తలుపు తీశాను.

చప్టా మీద అంతటా వాన తడే. కానీ నల్లి కింద ఒక వలయం పొడిగా, తెల్లగా కనబడుతోంది. బిందె అడుగు ఆనిన చోటులాగా. తిరగలి ముక్క వరసలో లేదు. నల్లికి అవతలి పక్కన ఉంది. నిండినవాళ్ళు పెట్టే చోట.

నల్లరాయి మాత్రం కదలలేదు. దాని వెనక నాది.

నేను పరుగులాంటి నడకతో వీధి మలుపుకు పోయాను. నాగేశ్ గుంతలో దిగి ఉన్నాడు.

"నిన్న సాయంత్రం నీళ్ళు వదిలినారా?"

"యాడ వదిలేదమ్మా? ఇంకా కలపనే లేదు. చూడు." చేత్తో చూపించాడు. నీలం పైపు కొస బురదలోంచి పైకి లేచి ఉంది. దానికి మూత బిగించి ఉంది. మూత మీద మట్టి పేరుకుని ఉంది. "మీ వీధి లైను ఇక్కడికే ఆగిపోయిండాది. ఈ పొద్దు సాయంత్రానికి కలిపేస్తాం. దాని తర్వాత ఇంక ఆగేదే లేదు, రాత్రీ పగలూ నీళ్ళే."

రాత్రీ పగలూ నీళ్ళే. ఆ మాటకోసం ఎన్ని మెట్లమీద కూర్చున్నాను! ఆరోజు ఆ మాటకే భయమేసింది.

ఇంటికి వచ్చి నా రాయి తీశాను. నా రాయి నేను తీసుకోవచ్చు, కట్టుబాటే. చేని గట్టు రాయి. మా ఆయన చెయ్యి తగిలిన రాయి. దాన్ని తీసుకుపోయి, మలుపులో మురికినీళ్ళ ఛాంబరు కడుతున్న చోట కాంక్రీటు పోస్తుంటే అందులో పడేశాను. బుడుంగుమని మునిగిపోయింది. మోహన్‌కుమార్ ఫోను చెవిలో పెట్టుకునే, "నిన్న రాళ్ళకోసం జగడమాడితివి, ఈ పొద్దు నువ్వే పారేస్తాండావే!" అన్నాడు. వరసలోంచి బయటపడ్డాను, అది చాలు.

మధ్యాహ్నం కాస్త అన్నం తిన్నాను. నిద్ర కూడా పట్టింది.

లేచేసరికి హేమావతి గోడ దగ్గర నిలబడి ఉంది. చంకలో బిడ్డ. మొహం ఎప్పటిలా లేదు.

"అంజనమ్మా, నన్ను పిలిచినావా?"

"లేదే."

"ఎవరో పిలిచినట్టాయె. బిందె ఎత్తుదువు రా హేమా అని. నీ పెరట్లోంచే. వద్దామని గోడ కూడా ఎక్కబోతి. వీడు ఏడిస్తే దిగితి." నవ్వడానికి చూసింది, నవ్వు రాలేదు. "గొంతు ఎవరిదో తెలుసునని అనిపిస్తాంది, గుర్తురాలేదు."

నేను వెనక్కి తిరిగి చూశాను.

నా రాయి ఉన్న చోటు ఖాళీగా లేదు. గోళ్ళరంగు పువ్వున్న సగం ఇటుక ముందుకు జరిగి ఉంది. నల్లరాయికి ఆనుకుని.

కోపం వచ్చింది నాకు. భయంకంటే ముందు కోపమే వచ్చింది. కౌసల్యమ్మ మీద కాదు, నామీద నాకు. నేను తప్పుకుంటే వెనకున్న పిల్ల మీద పడుతుందని నాకు తట్టలేదా? బతుకంతా వరసలో నిలబడిన దాన్ని! ఇటుక కూడా తీసేయించొచ్చు. తీయిస్తే? నిండు బిందె దగ్గర కౌసల్యమ్మ ఒంటిగా నిలబడి, దారిన పోయే ఎవరినైనా పిలుస్తుంది. ఎత్తే మనిషి దొరికేదాకా పిలుస్తుంది. ఎన్నేళ్ళనుంచి నిలబడి ఉందో ఆ ఎండలో... ఒంటిగా నిలబడటం అంటే ఏమిటో నాకు తెలియదా?

"హేమావతీ, ఒక మాట అడుగుతా. నవ్వొద్దు."

"అడుగమ్మా."

"నేను వరసలోంచి పోయినా. మళ్ళీ వస్తా. నీ ముందర నాకు చోటిస్తావా?"

ఆ పిల్ల నన్ను విచిత్రంగా చూసింది. తర్వాత నవ్వేసింది. "అదెంత భాగ్యమమ్మా! తీసుకో. నువ్వెప్పుడూ నా ముందరే కదా."

"నోటితో ఒప్పుకున్నావు కదా?"

"ఒప్పుకున్నా, ఒప్పుకున్నా. పెద్దదానివి, నీకు లేని చోటా!"

"అయితే ఇప్పుడు బిడ్డనెత్తుకుని మీ అమ్మ ఇంటికి పో. పేరేసంద్ర బస్సు ఉంటుంది. రెండు రోజులు ఉండి రా."

"ఎందుకమ్మా?"

"కారణమడిగితే తిడతాను. పో."

నా నోరు వీధికంతా తెలుసు. వెళ్ళింది.

లోపలికి పోయి కారం నూరుకునే గుండ్రాయి తెచ్చాను. నల్లరాయికీ ఇటుకకూ మధ్య పెట్టబోతే చోటు లేదు. చూస్తుండగానే ఇటుక కాస్త వెనక్కి ఉన్నట్టనిపించింది. చోటు ఉంది. పెట్టాను.

*

సాయంత్రం నేను ఒక లెక్క వేసుకున్నాను. ఎత్తుతాను. ఆమెకు ఎత్తే మనిషి కావాలి, అంతే కదా. కానీ నా బిందె పట్టను. బిందె నిండకపోతే కలిసి పోయేది లేదు. నా బిందెను వంటింట్లో మూలన బోర్లించాను. నల్లిని రెండు చేతులతో బిగించాను.

వీధిలో కేకలు వినబడ్డాయి. "వచ్చినాయి! వచ్చినాయి!" ఇంటింటా నీళ్ళు. పిల్లలు అరుస్తున్నారు. ఎవరో టపాకాయ కూడా కాల్చారు. నేను పోరాడి తెచ్చిన నీళ్ళు. వీధిలో ఒక్క మనిషి కూడా నా గుమ్మం దాకా రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు.

మెల్లగా కేకలు తగ్గాయి. తలుపులు మూసుకున్నారు. పెరట్లో వెలుతురు పోయింది.

వాసన వచ్చింది. ఇంగువ. గోనెసంచి.

తలుపు తీశాను.

అక్కడ ఎవరూ లేరు. నల్లి బిగించే ఉంది. కింద పొద్దున చూసిన వలయం. చప్టా చుట్టూ గాలి లేదు, పక్కనే కంపచెట్లు ఊగుతున్నాయి.

"ఎక్కడుండావమ్మా?" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

వంగాను. ఏమీ లేని చోట చేతులు చాచాను. తగిలింది. చల్లగా... తడిగా... రాగి. వేళ్ళకింద పొట్ట దగ్గర సొట్ట.

కళ్ళు మూసుకున్నాను. "ఊఁ... పట్టు" అన్నాను.

అవతలినుంచి ఇంకో రెండు చేతులు పట్టాయి.

నిండు బిందె బరువు. నడుము కలుక్కుమంది. మోకాళ్ళదాకా... ఛాతీదాకా... నా చేతులు నెత్తికంటే పైకి పోయాయి. బరువు పోయింది. ఎవరో మోసేసుకున్నారు. నా మొహంమీద కొన్ని చుక్కలు పడ్డాయి. రాయి జరిగింది. గర్రుమని. నల్లరాయి అవతలి పక్కకు పోయింది.

"పో అమ్మా" అన్నాను. ఏడుపొచ్చింది. "ఇంక పో. చాలా సేపు నిలబడినావు."

కొంగుతో మొహంమీది చుక్కలు తుడుచుకున్నాను.

"నాది నేను పట్టుకోను. నాకు వద్దు. నువ్వు పో."

చాలాసేపటి తర్వాత, చెవి పక్కనే, మెత్తగా...

"ఉంటాలే."

*

హేమావతి తిరిగొచ్చింది. ఆ పిల్లను మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఇటుకను తనచేతే తీయించి, వాళ్ళ తులసికోట కింద పెట్టించాను. వీధి అంతా రోడ్డు వేసేశారు. మురికినీళ్ళు భూమిలో పోతున్నాయి, మంచినీళ్ళు ఇంట్లోకి వస్తున్నాయి. మోహన్‌కుమార్ లెక్కలో మా వీధి పని అయిపోయింది.

నేను నల్లి తిప్పడం లేదు. తాగడానికి హేమావతి ఇంటినుంచి చెంబుతో తెచ్చుకుంటున్నాను. నా బిందె మూలన బోర్లించే ఉంది. పొద్దుగూకే వేళకు దానిలోంచి చప్పుడు వస్తుంది. నీళ్ళు పడే చప్పుడు. మొదటిరోజు అడుగున మోగింది. రోజురోజుకూ సన్నబడుతూ వచ్చింది. నిన్న మెడ దాకా వినబడి ఆగింది.

ఈ పొద్దున ధైర్యం చేసి బిందె తీసి చూద్దామనుకున్నాను. చెయ్యి పెట్టి కింది అంచు తడిమాను. ఎండిపోయి ఉంది. నేలమీద చుక్క తడి లేదు. ఖాళీ ప్లాస్టిక్ బిందె అది, చిటికెనవేలితో లేపొచ్చు.

రెండు చేతులా పట్టి లాగాను. లేవలేదు. నిండు బిందె లేవనట్టు లేవలేదు.

తెరిచి ఉన్న పెరటి తలుపులోంచి హేమావతి గోడ మీదినుంచి చూసింది. "ఏందమ్మా ఆయాసపడతాండావు? ఉండు, నేనొక చెయ్యి వేస్తా" అంది.

"రావద్దు!" అని అరిచాను. ఎన్నడూ అంత గట్టిగా అరవలేదు. పాపం, బిడ్డ జడుసుకున్నాడు.

తలుపు వేసుకుని కూర్చున్నాను. పొద్దుగూకుతోంది. తలుపు సందులోంచి చూస్తే, పెరట్లో గుండ్రాయి వరసలో ఒక్కటే ఉంది. దాని ముందర, సిమెంటు మీద, ఎవరో నిలబడి ఉన్నచోట మాత్రం రెండు పాదాలంత మేర తడి ఆరడం లేదు.